బ్యాటరీ స్ప్రేయర్‌కు లిథియం ప్యాకు: సెల్లు ఎంచుకోవడం నుంచి బిగించేదాకా

బ్యాటరీ స్ప్రేయర్‌తో పాటు వచ్చే ఆసిడ్ బ్యాటరీ చాలాసార్లు రెండో సీజనుకే చేతులెత్తేస్తుంది. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ చుట్టుపక్కల పత్తికి, మొక్కజొన్నకి మందు కొట్టేవాళ్లు దాన్ని తీసేసి లిథియం ప్యాకు పెట్టుకుందామని చూస్తున్నారు. ఏ సెల్లు కొనాలి, ఎన్ని కావాలి, పాత ఛార్జర్ పనికొస్తుందా అని పదేపదే అడుగుతున్నారు. ఆ ప్రశ్నలకి జవాబులు వరసగా ఇక్కడ ఉన్నాయి. ఇదంతా 12 వోల్టుల మోటారు ఉన్న వీపు స్ప్రేయర్లకే వర్తిస్తుంది. పెట్రోలు పంపులకి కాదు.

వరస మాత్రం తప్పొద్దు: ముందు మోటారు, తర్వాత సెల్లు, తర్వాత రక్షణ బోర్డు, చివర ఛార్జర్. చౌకగా దొరికాయని ముందే సెల్లు కొనేసి, ఆ తర్వాత వాటికి సరిపోయే బోర్డు కోసం వెతకడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మిగతావాటితో పొసగకపోయినా ప్యాకు పాడవుతుంది, లేదా కాలుతుంది.

## 1. మోటారు ఎంత లాగుతుందో కొలవండి

మోటారు మీద చీటీ ఉంటుంది. 12 వోల్టులు, 2.2 ఆంపియర్లు అనో 3.5 ఆంపియర్లు అనో రాసి ఉంటుంది. దాన్నే నమ్ముకోకుండా మల్టీమీటర్‌తో ఒకసారి కొలవండి. వాషర్లు అరిగిన పంపు చీటీలో రాసినదానికంటే ఎక్కువే లాగుతుంది.

పాత బ్యాటరీని నిండా ఛార్జ్ చేయండి. బ్యాటరీ అసలు పనిచేయకపోతే తెలిసినవాళ్ల దగ్గర మంచిది అడిగి తెచ్చుకోండి. ట్యాంకులో మందు కాదు, మంచినీళ్లు పోయండి. ఎర్ర తీగని ప్లస్ నుంచి ఊడదీసి, ఆ మధ్యలో మల్టీమీటర్‌ని పెట్టండి. ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండాలి. రెగ్యులేటర్ పూర్తిగా తిప్పి రెండు అంకెలు రాసుకోండి:

- గన్ను పూర్తిగా తెరిచి నీళ్లు కొడుతున్నప్పుడు ఎన్ని ఆంపియర్లు
- గన్ను మెల్లగా మూస్తూ, మోటారు తనంతట తాను ఆగిపోయే ముందు క్షణంలో ఎన్ని ఆంపియర్లు

రెండో అంకె పెద్దదిగా ఉంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ మోటారు ఎక్కువ లాగుతుంది. మొదటి అంకెతో ప్యాకు ఎంతసేపు వస్తుందో లెక్క కడతాం. రెండో దాన్ని బట్టి బోర్డు, ఫ్యూజు ఎంచుకుంటాం.

ఆంపియర్లు కొలిచాక ఎర్ర ప్రోబ్‌ని వెంటనే వోల్టుల రంధ్రంలోకి మార్చండి. దాన్ని అక్కడే వదిలేసి తర్వాత బ్యాటరీ వోల్టులు చూడబోతే నేరుగా షార్ట్ అవుతుంది. మీటర్లో ఫ్యూజు పోతే అదృష్టం. చౌక మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజే ఉండదు.

ఇంకో కొలత కూడా కావాలి. గన్ను తెరిచి సరిగ్గా ఒక నిమిషం బకెట్‌లోకి కొట్టండి. ఆ నీళ్లని లీటరు సీసాతో కొలిచి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో రాసుకోండి.

## 2. ఎన్ని ఆంపియర్-అవర్లు కావాలి

మీ పంపు 2.5 ఆంపియర్లు లాగుతోంది, నిమిషానికి 1.2 లీటర్లు కొడుతోంది అనుకుందాం. ఎదిగిన పత్తికి ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండున్నర.

200ని 1.2తో భాగిస్తే 167 నిమిషాలు, దాదాపు 2.8 గంటలు. దాన్ని 2.5తో గుణిస్తే 7 ఆంపియర్-అవర్లు. సెల్లు పాతబడ్డా పని ఆగకుండా ఉండాలంటే మరో 20 శాతం కలపాలి. అప్పుడు 8.4 అవుతుంది.

కాబట్టి 6 ఆంపియర్-అవర్ల ప్యాకుతో ఎకరం పూర్తవదు, అర ఎకరం హాయిగా అవుతుంది. ఎకరం కావాలంటే రెండు దారులున్నాయి: 12 ఆంపియర్-అవర్ల పెద్ద ప్యాకు ఒకటి, లేదా 6 ఆంపియర్-అవర్లవి రెండు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రెండు చిన్న ప్యాకులే మేలు. బోర్డులు రెండు కొనాల్సి వచ్చినా సరే. వీపు మీద బరువు తగ్గుతుంది, ఒకటి మొరాయించినా ఆ రోజు పని ఆగదు, స్ప్రేయర్ పెట్టెలో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. డబల్ మోటారు స్ప్రేయర్‌తో జీడి చెట్ల పైకి కొట్టేవాళ్లు మాత్రం పెద్ద ప్యాకే కట్టుకోవాలి. రెండు మోటార్లూ కలిసి లాగితే చిన్న ప్యాకు మీద భారం ఎక్కువవుతుంది.

## 3. ఏ రకం సెల్లు

బజార్లో లిథియం అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు రకాలు అమ్ముతారు. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత ఏం చేసినా సరిదిద్దలేం.

మొదటిది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఎల్ఎఫ్‌పీ అంటారు. ఒక్కో సెల్లు మామూలు వోల్టేజి 3.2, నిండితే 3.65, అడుగు 2.5. నాలుగు సెల్లు వరసగా కలిపితే 12.8 వోల్టులు వస్తాయి, నిండినప్పుడు 14.6. 12 వోల్టుల మోటారుకి అతికినట్టు సరిపోతుంది.

రెండోది ల్యాప్‌టాపుల్లో, పవర్ బ్యాంకుల్లో ఉండే ఎన్ఎంసీ రకం 18650 సెల్లు. మామూలు వోల్టేజి 3.6 లేదా 3.7, నిండితే 4.2. మూడు కలిపితే 11.1 వోల్టులు. ఛార్జ్ దిగేకొద్దీ 9 వోల్టుల దాకా పడిపోతుంది కాబట్టి చివరి ట్యాంకుల్లో నాజిల్ దగ్గర ధార చచ్చుబడుతుంది. నాలుగు కలిపితే నిండినప్పుడు 16.8 వోల్టులు. మోటారు, ప్రెషర్ స్విచ్ (ఒత్తిడి పెరిగితే మోటారుని ఆపేది) వేడెక్కి పోతాయి.

అసలు ప్రమాదం ఛార్జర్ దగ్గర ఉంది. ఇంట్లో పాత ఆసిడ్ బ్యాటరీ ఛార్జర్ ఉంటుంది, అది 14.4 వోల్టులు ఇస్తుంది. మూడు ఎన్ఎంసీ సెల్ల ప్యాకుకి ఎవరో తెలియక దాన్ని తగిలించారనుకోండి. ఒక్కో సెల్లుకి 4.8 వోల్టులు పడుతుంది. 4.2కి మించి తీసుకోకూడని సెల్లు అది. ఆ క్షణంలో బోర్డు సరిగ్గా పనిచేయకపోతే మంటే.

అందుకే స్ప్రేయర్‌కి ఎల్ఎఫ్‌పీనే వాడండి. 32700 సైజు సెల్లు తీసుకోండి: 32 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు, 6 ఆంపియర్-అవర్లు. నాలుగు సెల్లూ కలిపి ఆరువందల గ్రాముల లోపే. తీసేసిన ఆసిడ్ బ్యాటరీ రెండు కిలోల పైమాటే.

ఇందులోనూ రెండు చివర్లా ఎం4 స్క్రూ ఉన్న సెల్లు అడగండి. వాటికి స్పాట్ వెల్డింగ్ మిషన్ అక్కర్లేదు, స్క్రూలతో పట్టీలు బిగిస్తే చాలు. ఒక సెల్లు పాడైనా విప్పి మార్చుకోవచ్చు.

## 4. సెల్లు కొనేటప్పుడు

బరంపురంలోనో విశాఖలోనో దుకాణానికి వెళ్తే మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పార్శిల్ విప్పిన రోజే ఈ పరీక్షలన్నీ చేయండి, వాపసు గడువు దాటిపోనివ్వొద్దు.

బరువు చూడండి. 32700 సెల్లు 140 గ్రాముల దగ్గర ఉండాలి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే తెలిసిపోతుంది. వంద గ్రాములకి అటూ ఇటూ తూగితే లోపల సరుకు తక్కువ ఉన్నట్టే, పైన ఎంత రాసి ఉన్నా సరే.

రాసిన అంకె చూడండి. 18650 సెల్లు మీద 9900 మిల్లీ ఆంపియర్-అవర్లు (వెయ్యి అయితే ఒక ఆంపియర్-అవర్) అని రాసి అమ్ముతున్నారు. ఆ సైజులో మామూలుగా దొరికే మంచి సెల్లే 3500 దగ్గర ఆగిపోతుంది. 32700 మీద 6000 మామూలు, 10000 అని ఉంటే అది అబద్ధం.

వోల్టులు చూడండి. కొత్త ఎల్ఎఫ్‌పీ సెల్లు 3.2 నుంచి 3.3 మధ్య ఉంటుంది. నాలుగింటి మధ్య తేడా 0.02 దాటకూడదు. 2.5 కంటే తక్కువున్నది ఉచితంగా ఇచ్చినా వద్దు.

పైన ప్లాస్టిక్ తొడుగు గమనించండి. పాత సెల్లకి కొత్త తొడుగు వేసి అమ్మడం మామూలైపోయింది. స్క్రూ చుట్టూ గీతలు, అంచుల్లో పాత టంకం మరకలు, వెల్డింగ్ చుక్కల గుర్తులు ఉన్నాయంటే అవి ఒకసారి వాడి తీసినవే.

సెల్లు మీదో పెట్టె మీదో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు గుర్తు, ఐఎస్ 16046 అనే ప్రమాణం, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి కంపెనీ పేరు సరిపోయిందో లేదో చూడొచ్చు.

నాలుగు సెల్లూ ఒకే కంపెనీవి, ఒకే బ్యాచ్‌వి, ఒకేసారి కొన్నవి కావాలి. జతలో ఒక ఎద్దు కుంటిదైతే బండంతా దాని నడకే నడుస్తుంది. ప్యాకులోనూ అంతే, బలహీనమైన సెల్లు దిగిపోగానే మిగతా మూడింటిలో ఛార్జ్ ఉన్నా బోర్డు ఆపేస్తుంది.

ఇంటికొచ్చాక వాటిని వారం పాటు ఊరికే ఉంచి మళ్లీ కొలవండి. మిగతావి కదలకుండా ఒకటి మాత్రం 0.03 వోల్టులో అంతకంటే ఎక్కువో దిగిందంటే దానికి లోపల లీకు ఉంది, మార్పించుకోండి. సీజను మొదలయ్యాక కొంటే ఈ వారం ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి మందు కొట్టే పని పడకముందే, జూన్‌లో కొనండి.

## 5. బోర్డు, ఫ్యూజు, తీగలు

రక్షణ బోర్డుని దుకాణంలో బీఎంఎస్ అంటారు. అది కొనేటప్పుడు మూడు మాటలు స్పష్టంగా చెప్పాలి: ఎల్ఎఫ్‌పీకి, నాలుగు సెల్లకి, బ్యాలెన్స్ (సెల్లన్నింటినీ ఒకే స్థాయికి తెచ్చే ఏర్పాటు) ఉన్నది. నాలుగు సెల్ల బోర్డు అంటే సరిపోదు. ఎన్ఎంసీ బోర్డు కూడా నాలుగు సెల్లదే ఉంటుంది, రంగూ రూపూ ఒకటే. అది ఒక్కో సెల్లు 4.25 దాటేదాకా ఛార్జ్ ఆపదు. 3.65 దగ్గర ఆగాల్సిన సెల్లుకి అలాంటి కాపలా ఉన్నా లేనట్టే.

మోటారు గరిష్ఠంగా 4 ఆంపియర్ల లోపు లాగితే 10 లేదా 15 ఆంపియర్ల బోర్డు చాలు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకి రెండు మూడు రెట్లు లాగుతుంది, ఆ ఊపుకి బోర్డు కొట్టేయకూడదు. 60 ఆంపియర్ల బోర్డు మాత్రం కొనొద్దు. చాలా ఎక్కువ కరెంటు పారితే గానీ అది ఆపదు, ఈలోగా సన్న తీగలు కాలిపోవచ్చు.

మిగతా సామాను:

- బైక్‌ల్లో వాడే బ్లేడ్ ఫ్యూజు 10 ఆంపియర్లు, దాని హోల్డర్
- 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎరుపు, నలుపు చెరో అర మీటరు
- సెల్ల మధ్య పట్టీలు: రాగివి గానీ అసలు నికెల్‌వి గానీ
- ఎం4 స్ప్రింగ్ వాషర్లు
- బార్లీ పేపరు, అంటే మోటారు వైండింగ్ షాపుల్లో దొరికే గట్టి ఇన్సులేషన్ కాగితం
- ప్యాకు మొత్తానికి సరిపడా హీట్ ష్రింక్ తొడుగు, అంటే వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్
- సెల్లు కదలకుండా పట్టుకునే ప్లాస్టిక్ హోల్డర్లు

నికెల్ పట్టీల పేరుతో నికెల్ పూత పూసిన ఇనుప పట్టీలు అమ్ముతారు. ఒక ముక్కని బ్లేడుతో గీకి, ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి గీత దగ్గర తుప్పు కనిపిస్తే అది ఇనుమే. ఇచ్ఛాపురం, బరంపురం వైపు సముద్రపు గాలికి అలాంటి పట్టీ ఒక వానాకాలం కూడా నిలబడదు.

## 6. బిగించే ముందు

ముందు స్ప్రేయర్‌ని సబ్బునీళ్లతో కడగండి, బ్యాటరీ పెట్టె లోపల కూడా తడిగుడ్డతో తుడవండి. అక్కడ పేరుకున్న తెల్లటి పొర పురుగుమందే. చేతులకి తొడుగులు వేసుకోవాలి. ఆరాకే పని మొదలుపెట్టండి.

ఉంగరం, కడియం, మెటల్ గొలుసు వాచీ తీసి పక్కన పెట్టండి. 6 ఆంపియర్-అవర్ల ఎల్ఎఫ్‌పీ సెల్లు ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య లోహం అడ్డంగా తగిలితే క్షణాల్లో ఎర్రగా కాలుతుంది.

పెట్టె లోపలి కొలతలు తీసుకోండి. 12 వోల్టుల 7 లేదా 8 ఆంపియర్-అవర్ల ఆసిడ్ బ్యాటరీ దాదాపు 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు ఉంటుంది. నాలుగు సెల్ల ప్యాకు అందులో సులువుగా ఇముడుతుంది. ఎనిమిది సెల్లని రెండు వరసలుగా పేరిస్తే వట్టి సెల్లే 64 మిల్లీమీటర్ల వెడల్పు వస్తాయి. హోల్డర్, కాగితం, తొడుగు కలిసేసరికి అదే 70 దాటుతుంది. పెట్టెలో ఆ ఖాళీ ఉందో లేదో సెల్లు కొనకముందే చూసుకోండి. కొట్టి బలవంతంగా దూర్చిన ప్యాకులో ఎక్కడో ఒకచోట తొడుగు చిరుగుతుంది.

సెల్లు అన్నింటినీ ఒకే స్థాయికి తేవాలి. ఒక్కోదాన్నీ 3.6 వోల్టుల దాకా విడిగా ఛార్జ్ చేయడమే సరైన పద్ధతి. 3.65 వోల్టుల సింగిల్ సెల్ ఎల్ఎఫ్‌పీ ఛార్జర్ లేకపోతే బ్యాటరీ షాపులో చేయించుకోండి. ఈ పని ఎగ్గొట్టి బోర్డే చూసుకుంటుందిలే అనుకోవద్దు. చిన్న బోర్డుల బ్యాలెన్స్ కరెంటు యాభై అరవై మిల్లీ ఆంపియర్లే, పెద్ద తేడాని సరిచేయడానికి దానికి రోజులు పడతాయి.

## 7. బిగించే క్రమం

ఒక్కో అంచె పూర్తయ్యాక మీటర్ పెట్టి చూసి, అప్పుడే ముందుకెళ్లండి.

మొదట: సెల్లని హోల్డర్లలో తలకిందులు మార్చి మార్చి నిలబెట్టండి. మొదటిది ప్లస్ పైకి, రెండోది మైనస్ పైకి, అలా. ఒకదాని ప్లస్ పక్కదాని మైనస్‌కి పట్టీతో కలుస్తుంది. ఎనిమిది సెల్లయితే రెండేసి సెల్లని పక్కపక్కన ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి జతలు చేసి, ఆ జతలని వరసగా కలపాలి.

రెండోది: స్క్రూలు బిగించండి. పట్టీ, దానిపైన బోర్డు సన్న తీగ (ఒక్కో సెల్లు వోల్టులు చూసేది) లగ్గు, అంటే తీగ చివర నొక్కే లోహపు ముక్క, స్ప్రింగ్ వాషర్, ఆపైన స్క్రూ. వాషర్ చదునయ్యాక పావు చుట్టు చాలు. ఎం4 స్క్రూకి పిచ్చి బలం పెడితే సెల్లు లోపలి మర చెడిపోయి ఆ సెల్లు ఇక పనికిరాదు. వదులుగా ఉన్నా వేడెక్కుతుంది. ఇన్సులేషన్ టేపు చుట్టిన స్క్రూడ్రైవరే వాడండి.

మూడోది: సన్న తీగల సాకెట్‌ని బోర్డుకి ఇంకా గుచ్చకండి. బోర్డు బీ మైనస్‌ని (సెల్ల వైపు మైనస్) ప్యాకు మొత్తం మైనస్‌కి కలపండి. నల్ల ప్రోబ్‌ని అక్కడే ఉంచి, సాకెట్‌లో ఒక్కో తీగనీ ఎర్ర ప్రోబ్‌తో తాకండి. 3.3, 6.6, 9.9, 13.2కి దగ్గరగా వరసగా రావాలి. ఇప్పుడే ఛార్జ్ అయిన సెల్లయితే అంకెలు కాస్త ఎక్కువుంటాయి, మెట్లు మాత్రం సమానంగా ఉండాలి. ఒక మెట్టు తప్పినా, రెండు తీగలు తారుమారైనా సాకెట్ గుచ్చిన మరుక్షణం బోర్డు పోతుంది. బోర్డులు ఎక్కువగా కాలేది ఇక్కడే.

నాలుగోది: సాకెట్ గుచ్చండి. పీ మైనస్‌కీ (బోర్డు నుంచి బయటికి, స్ప్రేయర్ వైపు వెళ్లే మైనస్) ప్యాకు ప్లస్‌కీ మధ్య కొలవండి. 13 వోల్టుల పైన రావాలి. సున్నా వస్తే కంగారు పడొద్దు. కొన్ని బోర్డులు మొదటిసారి నిద్రలో ఉంటాయి, ఛార్జర్ తగిలించగానే మేలుకుంటాయి.

అయిదోది: ఫ్యూజు హోల్డర్‌ని ప్లస్ దగ్గరే, తీగ మొదట్లో పెట్టండి. దూరంగా పెడితే ఫ్యూజుకి ముందున్న తీగకి రక్షణ ఉండదు. తీగల చివర్లకి స్ప్రేయర్‌లో ఉన్న సైజు ఫ్లాట్ లగ్గులు నొక్కి పెట్టండి. చేత్తో చుట్టి టేపు వేసిన జాయింటు పనికిరాదు.

ఆరోది: ప్యాకు చుట్టూ, పైనా కిందా బార్లీ పేపరు వేసి హీట్ ష్రింక్ తొడగండి. బోర్డుకీ సెల్లకీ మధ్య కూడా కాగితం ఉండాలి. ట్యాంకు కింద పెట్టెలోకి మందు కారడం ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది కాబట్టి బోర్డు ఎప్పుడూ పైవైపు ఉండేలా కూర్చోబెట్టండి. తీగలు బయటికొచ్చే చోట సిలికాన్ పూయండి.

## 8. పొలానికి పోకముందు బల్బు పరీక్ష

12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకోండి. అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ప్యాకుని నిండా ఛార్జ్ చేసి, బల్బు వెలిగించి టైము రాసుకోండి. అసలైన 6 ఆంపియర్-అవర్ల ప్యాకు మూడు గంటల పైన వెలిగించాలి. రెండు గంటలకే ఆరిపోతే సెల్లలో మోసం ఉందన్నమాట.

గంటకోసారి నాలుగు సెల్లనీ విడివిడిగా కొలవండి. చివర్లో ఏ సెల్లు ముందు జారిపోతుందో అప్పుడే బయటపడుతుంది. ప్యాకుని చేత్తో తాకి చూడండి. ఇంత చిన్న లోడుకి వేడెక్కకూడదు. ఎక్కడైనా ఒకచోట వేడి తగిలితే అక్కడ స్క్రూ వదులుగా ఉంది.

తర్వాత స్ప్రేయర్లో పెట్టి, మంచినీళ్లతో రెండు ట్యాంకులు కొట్టండి. నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో మళ్లీ కొలవండి. చాలామంది వదిలేసే పని ఇదే. లిథియం ప్యాకు పనిచేసినంతసేపూ 13 వోల్టుల చుట్టూ నిలకడగా ఇస్తుంది. అలసిన ఆసిడ్ బ్యాటరీతో పోలిస్తే ధార ఎక్కువొస్తుంది. పాత నడకతోనే కొడితే ఎకరానికి పడే మందు పెరిగిపోతుంది, ఖర్చూ పెరుగుతుంది, ఆకులూ మాడొచ్చు. రెగ్యులేటర్ కాస్త తగ్గించి పాత కొలతకి తెచ్చుకోండి, లేదా అడుగు వేగం పెంచండి.

## 9. ఛార్జర్

14.6 వోల్టులు, 2 ఆంపియర్ల ఎల్ఎఫ్‌పీ ఛార్జర్ కొనండి. 6 ఆంపియర్-అవర్ల ప్యాకు మూడు గంటల పైన, 12 అయితే ఆరు గంటల పైన తీసుకుంటుంది. రాత్రి కరెంటు పోయి వచ్చినా ఇబ్బంది లేదు, ఆగిన చోటి నుంచే ఎక్కుతుంది.

ఛార్జర్ తగిలించే ముందు పిన్ను ధ్రువాలు మీటర్‌తో చూడండి. స్ప్రేయర్ సాకెట్‌లో మధ్య పిన్ను ప్లస్ అయితే ఛార్జర్‌లోనూ మధ్యదే ప్లస్ కావాలి. తారుమారైన ఛార్జర్ నుంచి మామూలు బోర్డు కాపాడదు.

పాత ఆసిడ్ ఛార్జర్‌ని ఇంట్లోంచి పంపించేయండి. కొన్నిటి వోల్టేజి 14.4 దగ్గరే ఉన్నా, ట్రాన్స్‌ఫార్మర్ రకం పాతవి లోడు లేకుండా 16 దాకా పోతాయి. మీకు తెలిసినా ఇంట్లో తమ్ముడికో పాలేరుకో తెలియకపోవచ్చు. స్ప్రేయర్ మీద పెయింటుతో పెద్దగా రాయండి: లిథియం, 14.6 ఛార్జర్ మాత్రమే.

ఛార్జింగ్ గచ్చు నేల మీద చేయండి. మంచం కింద, గోనెల పక్కన, రేకుల షెడ్డులో మిట్టమధ్యాహ్నం వద్దు. ఎండలోంచి తెచ్చిన ప్యాకుని చల్లారనివ్వండి, 45 డిగ్రీలు దాటిన సెల్లుని ఛార్జ్ చేయకూడదు. 0 డిగ్రీల కింద కూడా చేయకూడదు. కోరాపుట్ కొండల మీద డిసెంబరు చలిలో ఆరుబయట పెట్టకుండా ఇంట్లో పెట్టి చేయండి.

## 10. ఏం తేడా చేస్తే ఏం చూడాలి

మీటర్ గీతలు నిండుగా చూపిస్తూనే పంపు హఠాత్తుగా ఆగింది. ప్యాకు పాడవలేదు. స్ప్రేయర్ మీద ఉన్న మీటర్ ఆసిడ్ బ్యాటరీ కోసం చేసినది. ఎల్ఎఫ్‌పీ వోల్టేజి చివరిదాకా పెద్దగా దిగదు, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. గీతలు చూడకండి, ట్యాంకులు లెక్కపెట్టుకోండి.

పంపు తిరిగి ఆగి, తిరిగి ఆగి. ఆగిన క్షణంలో ప్యాకు బయటి తీగల దగ్గర వోల్టులు చూడండి. 13 ఉంటే ప్రెషర్ స్విచ్ పదేపదే కొట్టేస్తోంది, నాజిల్ లేదా గన్ను జాలీ మూసుకుపోయింది. సున్నా ఉంటే బోర్డు కొట్టేస్తోంది: పంపు బిగిసి ఎక్కువ లాగుతోంది, లేదా ఒక సెల్లు కూలిపోతోంది.

ఛార్జర్ పెట్టగానే పచ్చ లైటు, కానీ రెండు ట్యాంకులకే ఆగిపోతోంది. సెల్ల స్థాయిలు చెదిరాయి. ఒకటి ముందే నిండి బోర్డు ఛార్జ్ ఆపేస్తోంది. నాలుగూ కొలిచి, తక్కువున్నదాన్ని విడిగా 3.6 దాకా ఛార్జ్ చేయండి. నెలలోపే మళ్లీ అదే సెల్లు వెనకబడితే దాన్ని మార్చడమే.

ధార తగ్గింది. వెంటనే బ్యాటరీని తిట్టొద్దు. పంపు తిరుగుతుండగా మోటారు తీగల దగ్గర కొలవండి. రెగ్యులేటర్ పూర్తిగా ఉన్నప్పుడు 12.5 పైన వస్తుంటే బ్యాటరీ తప్పు లేదు. ట్యాంకు అడుగు జాలీ, పంపు డయాఫ్రం, అరిగిన నాజిల్ చూడండి.

లగ్గు దగ్గర ప్లాస్టిక్ కరిగింది. వదులు జాయింటు. కొత్త లగ్గు వేయండి. మొదటి రోజు పని అయ్యాక స్క్రూలన్నీ ఒకసారి తాకి చూసుకుంటే ఇది రాదు.

సెల్లు ఉబ్బింది, ఘాటు వాసన వస్తోంది, తాకలేనంత వేడిగా ఉంది. ఛార్జర్ ప్లగ్గు గోడ దగ్గర తీసేయండి. ప్యాకుని ఇంటికి, పశువుల పాకకి, గడ్డికుప్పకి దూరంగా వట్టి నేల మీద పెట్టి వదిలేయండి. పొగ పీల్చొద్దు. మంట వస్తే దూరం నుంచి నీళ్లు ఎక్కువగా కొట్టండి. ఆరిందనుకుని వెంటనే చేత్తో తీయొద్దు, మళ్లీ రాజుకోవచ్చు.

## 11. సీజను అయ్యాక

ఆసిడ్ బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి దాచే అలవాటు ఇక్కడ పనికిరాదు. లిథియం ప్యాకుని సగం ఛార్జ్‌తో దాచాలి. కాసేపు ఊరికే ఉంచాక 13.1 చుట్టూ ఉంటే చాలు.

- ఫ్యూజు తీసేయండి, లేదా లగ్గులు ఊడదీయండి. స్ప్రేయర్ మీద వెలిగే చిన్న మీటరే రెండు నెలల్లో ప్యాకుని అడుగంటా తాగేస్తుంది
- ప్యాకుని స్ప్రేయర్లోంచి బయటికి తీసి, పొడి డబ్బాలో పెట్టండి
- పురుగుమందుల అలమారాలో, రేకుల కప్పు కింద పెట్టొద్దు
- మూడు నెలలకోసారి వోల్టులు చూసి, 12.8కి దిగితే గంటసేపు ఛార్జ్ చేయండి
- వచ్చే సీజనుకి ముందు బల్బు పరీక్ష మళ్లీ చేసి, పాత టైముతో పోల్చుకోండి

తీసేసిన ఆసిడ్ బ్యాటరీని పగలగొట్టి సీసం తీయబోకండి, ఆసిడ్‌ని కాలువలో పారబోయకండి. బ్యాటరీ దుకాణాల్లో తూకానికి తీసుకుంటారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసిడ్‌వైనా లిథియంవైనా పాతవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. కాబట్టి పనికిరాని సెల్లని చెత్తకుప్పలో వేయకుండా, చివర్లకి టేపు అంటించి దుకాణంలోనే ఇచ్చేయండి.